1816 ప్రాంతంలో పుట్టిన స్కాటిష్ పూర్వీకురాలు పారిష్ రిజిస్టరులో కనిపించడం లేదు, ఇంకెక్కడ వెతకాలి?

డండీ_కోడలు
మా అత్తగారి ముత్తాతకు తల్లి అయిన జెనెట్ అనే ఆవిడ పుట్టుక వివరం కోసం ఆరు నెలలుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు. (అత్తగారికి ఇష్టం లేదు కనుక ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు.) వాళ్లది స్కాట్లండ్‌లో ఆంగస్ అనే కౌంటీలోని కిర్రిమ్యూర్. పాత కాగితాల్లో ఆంగస్ బదులు ఫోర్ఫర్‌షైర్ అని ఉంటుంది. జెనెట్ భర్త నార బట్ట నేసే చేనేత కార్మికుడు. ఆవిడ వయసు 1841 జనాభా లెక్కల్లో 20, 1851లో 34, 1861లో 43 అని ఉంది. మొదటి పదేళ్లలో పద్నాలుగేళ్లు, తరువాతి పదేళ్లలో తొమ్మిదేళ్లు పెరిగిన మనిషి ఏ సంవత్సరంలో పుట్టినట్టు? 1851లోనూ 1861లోనూ పుట్టిన చోటు కిర్రిమ్యూర్ అనే రాశారు కనుక, స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైటులో ఆ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) బాప్తిస్మాల సూచికను 1812 నుంచి 1823 వరకు జల్లెడ పట్టాను. డబ్బు కట్టి కొన్న క్రెడిట్లు పోసి తెరిచిన ప్రతి పుటలోనూ ఎవరో వేరే జెనెట్లు పలకరించారు. ఇది చాలదన్నట్టు, ఒక వంశవృక్షాల వెబ్‌సైటులో ఎవరో ఆవిడ 1821లో ఫైఫ్ అనే వేరే కౌంటీలో పుట్టినట్టు రాసి పెట్టగా, మరో పదకొండు మంది దాన్నే నకలు చేసుకున్నారు. వచ్చే నెల అత్తగారి పుట్టినరోజు. ఆ రోజుకు వంశవృక్షాన్ని చట్రం కట్టించి చేతిలో పెట్టాలని నా కోరిక. నేను ఎక్కడ పొరబడుతున్నానో చెప్పగలరా?

లెక్కల_మాస్టారు
మీ మొదటి చిక్కు వయసుది కాదండి, 1841 లెక్కల పద్ధతిది. ఆ ఏడాది జూన్ 6న తీసిన లెక్కల్లో పదిహేనేళ్లు దాటిన వారి వయసును ఐదు గుణిజానికి కిందికి దించి రాయమని ఆదేశం ఉంది. అంటే 20 అని ఉన్న చోట 20 నుంచి 24 వరకు ఏదైనా కావచ్చు. జెనెట్ 1816 చివర్లో పుట్టి ఉంటే 1841 జూన్ నాటికి ఆవిడకు 24 ఏళ్లు, 1851 మార్చి 30 నాటికి 34 ఏళ్లు, సరిగ్గా కుదురుతుంది. 1861లో 43 అన్నది ఒక్క ఏడాది తేడా, దాన్ని పట్టించుకోనవసరం లేదు. ఇక ఆ ఫైఫ్ వృక్షం వేసిన పెద్దమనిషి 1841లోంచి 20 తీసేసి 1821 అని తేల్చినట్టున్నారు. పదకొండు మంది నకలు చేసుకున్నంత మాత్రాన పన్నెండు సాక్ష్యాలు అయిపోవు.

డండీ_కోడలు
ఈ కిందికి దించే సంగతి నాకు తెలియదు. ఇంకొకటి కూడా ఇప్పుడే గమనించాను. 1841లో ఈ కౌంటీలోనే పుట్టారా అన్న గడిలో ఆవిడకు అవును అని గుర్తు ఉంది. ఫోర్ఫర్‌షైర్‌లో పుట్టిన మనిషి ఫైఫ్‌లో పుట్టడం కుదరదు కదా.

గ్లాస్గో_గోంగూర
బాప్తిస్మం నమోదుకు మూడు పెన్నీల పన్ను వేసినందువల్ల పేదవాళ్లు పిల్లల పేర్లు రాయించడం మానేశారని ఎక్కడో చదివాను. నేతపనివాళ్ల ఇళ్లలో మూడు పెన్నీలు అంటే తక్కువ మాట కాదు. మీ జెనెట్ పేరు అసలు ఎక్కడా రాసి ఉండకపోవచ్చు.

పాతకాగితాలు
గోంగూర గారు చెప్పిన పన్ను నిజమే కాని, అది 1783లో వచ్చి 1794లో పోయింది. 1816లో పుట్టిన పిల్లకు ఆ నింద వేయలేము. అయితే పేరు అసలు రాయించి ఉండకపోవచ్చన్న అనుమానం మాత్రం కొట్టివేయదగినది కాదు. స్కాట్లండ్ పాత పారిష్ రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553లో మొదలవుతుంది. ఇది చూసి అన్ని పారిష్‌లకూ అంత వెనక్కి దొరుకుతుందని ఆశపడేవారు చాలామంది. కొన్ని చోట్ల రిజిస్టరు వందల ఏళ్ల తరువాత మొదలవుతుంది, కొన్ని చోట్ల నడుమ ఇరవై ఏళ్లు మాయమవుతుంది. పైగా ఆ రిజిస్టర్లు రాసింది ప్రభుత్వం కాదు, అధికారిక సంఘమైన చర్చ్ ఆఫ్ స్కాట్లండ్. వేరే సంఘానికి వెళ్లే కుటుంబం ఆ పుస్తకంలో కనిపించాలన్న నియమం లేదు. 1855 జనవరి 1న పౌర నమోదు వచ్చి, అందరి జననమరణాలూ రాయించడం తప్పనిసరి అయ్యేదాకా పరిస్థితి ఇదే.

రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. జెనెట్ మరణ నమోదు చూశారా? ఆవిడ పిల్లల్లో సరిగ్గా 1855లో పుట్టినవారు ఎవరైనా ఉన్నారా?

డండీ_కోడలు
మరణ నమోదు చూశాను. 1879లో పోయారు. తండ్రి పేరు పాట్రిక్, వృత్తి రైతు అని ఉంది. తల్లి పేరు గడి ఖాళీగా ఉంది. సమాచారం ఇచ్చిన వ్యక్తి అల్లుడు. ఇక పిల్లల విషయానికి వస్తే, 1861 లెక్కల్లో చివరి అమ్మాయికి ఐదేళ్లు. ఆ అమ్మాయి 1855లోనో 1856 మొదట్లోనో పుట్టి ఉండాలి. కాని మా అత్తగారు ఆవిడ సంతతి కాదు, ఆవిడ అన్నగారి సంతతి కనుక ఆ పుట తెరవలేదు. ఒక్కొక్క పుటకూ క్రెడిట్లు పోతున్నప్పుడు పక్క కొమ్మలన్నీ చూస్తూ కూర్చోవడం నాకు కుదరలేదు.

పాతకాగితాలు
అందరూ చేసే పొదుపే మీరూ చేశారు, అందరూ నష్టపోయే చోటే నష్టపోయారు. ఆ చివరి అమ్మాయి జనన నమోదును ఇవాళే తెరవండి.

1855లో, అంటే పౌర నమోదు మొదలైన మొట్టమొదటి ఏడాదిలో, స్కాట్లండ్ అధికారులు ఎంత ఉత్సాహంగా ఉన్నారంటే జనన పత్రంలో తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన చోటు, వాళ్ల పెళ్లి ఎప్పుడు ఎక్కడ జరిగింది, ఈ బిడ్డకు ముందు ఎంతమంది పుట్టారు, వారిలో ఎంతమంది బతికి ఉన్నారు అన్నవన్నీ రాయించారు. మరణ పత్రంలోనైతే పోయిన మనిషి పుట్టిన ఊరు, చనిపోయిన చోట ఎన్నేళ్లుగా ఉన్నారు, పుట్టిన వరుసలో పిల్లలందరి పేర్లు, వయసులు కూడా ఉంటాయి. ఈ బరువును మోయలేక 1856లోనే వీటిలో చాలా గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి వివరం 1861లో మళ్లీ వచ్చింది, పుట్టిన ఊళ్లు మాత్రం రాలేదు. అందుకే ఆ ఒక్క ఏడాదిలో మీ కుటుంబంలో ఎవరు పుట్టినా, ఎవరికి పెళ్లి అయినా, ఎవరు పోయినా ఆ పుట చూడకుండా వదలకూడదు. వాళ్లు మీ నేరు వంశం కాకపోయినా సరే, బాబాయి మరణ పత్రంలో తాతగారి ఊరు దొరుకుతుంది.

నెల్లిమర్ల_నార
ఆ ఏడాదిలో పుట్టిన మనిషి దొరికితే కుటుంబం మొత్తానికి లాటరీ తగిలినట్టే అన్నమాట. మా ఊళ్లో జూట్ మిల్లు ఉంది కనుక జూట్‌కు పేరుపడ్డ డండీ నగరం పేరు చిన్నప్పటి నుంచి వింటున్నాను. మీ అత్తగారి వాళ్లు నార బట్ట నుంచి జూట్‌కు మారారా?

డండీ_కోడలు
మారారండి. మా అత్తగారి తాత డండీలో జూట్ మిల్లు కార్మికుడు. చేనేత పడిపోయాక కిర్రిమ్యూర్ నుంచి చాలా కుటుంబాలు అలాగే దిగి వచ్చాయట.

చలికి_వణుకు
తల్లి పేరు గడి ఖాళీగా ఉన్నా బెంగ పడకండి. స్కాట్లండ్ వాళ్లకు పేర్లు పెట్టే వరుస ఒకటి ఉంది. పెద్దకొడుక్కి తండ్రి తరపు తాత పేరు, రెండో కొడుక్కి తల్లి తరపు తాత పేరు, మూడో కొడుక్కి తండ్రి పేరు పెడతారు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు, మూడో కూతురికి తల్లి పేరు. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఇది అర్థం కావడానికి పెద్ద కష్టం లేదు. జెనెట్ పెద్దకూతురి పేరు చెబితే జెనెట్ తల్లి పేరు నేను చెబుతాను.

గ్లాస్గో_గోంగూర
ఇలాంటి జోస్యాలను నమ్మి నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. మా ఆయన వాళ్ల వైపు పెద్దబ్బాయికి తాత పేరు కాకుండా, బాప్తిస్మం ఇచ్చిన పాదిరిగారి పేరు పెట్టారు. ఆ పేరుగల తాత కోసం ఎయిర్‌షైర్ అంతా తిరిగాను. అటువంటి తాత లేడు. అది ఆచారమే కాని శాసనం కాదు.

లెక్కల_మాస్టారు
ఇద్దరి మాటా సరైనదే. పేర్ల వరుస ఎక్కడ వెతకాలో సూచిస్తుంది, దొరికిందని రుజువు చేయదు. ఊహ రాసుకునే కాగితం వేరు, వృక్షం రాసుకునే కాగితం వేరు ఉంటే గొడవ లేదు.

డండీ_కోడలు
పెద్దకూతురి పేరు ఎలిజబెత్. రెండో కొడుకు పేరు పీటర్.

చలికి_వణుకు
అయితే జెనెట్ తల్లి ఎలిజబెత్, తండ్రి పీటర్. పందెం కాస్తాను.

గ్లాస్గో_గోంగూర
మరణ పత్రంలో తండ్రి పేరు పాట్రిక్ అని ఆవిడ పైన రాశారు. పందెం అప్పుడే ఓడిపోయారు.

డండీ_కోడలు
నిన్న రాత్రి 1855 పుట తెరిచాను. పాతకాగితాలు గారికి దండం పెట్టాలి. తల్లి వయసు 38, పుట్టిన చోటు కింగోల్డ్రమ్. పెళ్లి 1838లో, కిర్రిమ్యూర్‌లో. ఆరు నెలలు నేను వెతికిన పారిష్‌లోనే ఆవిడ పుట్టలేదు! మరి 1851, 1861 రెండింటిలోనూ కిర్రిమ్యూర్ అని ఎందుకు రాశారు? 1838 పెళ్లి నమోదు ముందే నా దగ్గర ఉంది, అందులో కూడా ఆవిడ ఈ పారిష్ మనిషే అని ఉంది.

ఇంకొక బాధ ఏమిటంటే, వెంటనే కింగోల్డ్రమ్ పారిష్ సూచిక కూడా వెతికాను. అక్కడా లేదు.

పాతకాగితాలు
పెళ్లి నమోదులో ఈ పారిష్ అన్నది అప్పుడు నివసిస్తున్న చోటు గురించి, పుట్టిన చోటు గురించి కాదు. అసలు అది పెళ్లి జరిగిన నమోదు కూడా కాకపోవచ్చు, గుడిలో చేసిన పెళ్లి ప్రకటన మాత్రమే అయి ఉండవచ్చు. వధూవరులు చెరొక పారిష్ వారైతే రెండు చోట్లా ప్రకటిస్తారు, రెండు తేదీలు కనబడి మనల్ని తికమక పెడతాయి. జనాభా లెక్కల సంగతి మనకు తెలియనిదా? ఏ ఊరండీ అని అడిగితే చుట్టుపక్కల పల్లెల వాళ్లందరూ తెనాలి అనో భీమవరం అనో చెప్పరూ? కింగోల్డ్రమ్ నుంచి కిర్రిమ్యూర్ నాలుగైదు మైళ్లు.

కింగోల్డ్రమ్ రిజిస్టరులో లేకపోవడానికి కారణం వేరే ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. జెనెట్ పిల్లల్లో 1855 తరువాత పెళ్లి చేసుకున్నవారి నమోదు మీ దగ్గర ఉందా? అందులో ఏ సంఘ పద్ధతి ప్రకారం పెళ్లి జరిగిందో ఒక వాక్యం ఉంటుంది. అది చదివి చెప్పండి.

తెనాలి_చదువరి
మా ఊరి పేరు వచ్చింది కనుక ఒక మాట. మా వైపు కతోలికులు పారిష్‌ను విచారణ అంటారు, పాదిరిగారు విచారణ గురువు. స్కాట్లండ్ కిర్క్ సెషన్ (పారిష్ సంఘ పెద్దల సభ) రికార్డులు చదివాక ఆ మాట అక్కడే ఎక్కువ నప్పుతుందని అర్థమైంది. సంఘ పెద్దలు కూర్చుని, పెళ్లి కాకుండా గర్భం వచ్చిన అమ్మాయిని పిలిచి, తండ్రి ఎవరో చెప్పమని ఎన్ని వారాలు విచారించారో!

చలికి_వణుకు
నా పందెం సంగతి పక్కన పెట్టి ఇది చెప్పాలి. మా పక్కింటి పెద్దాయన కోసం నేను వెతికిన కేసులో బాప్తిస్మ రిజిస్టరులో తండ్రి పేరు లేదు, అక్రమ సంతానం అని మాత్రం ఉంది. కిర్క్ సెషన్ మినిట్స్‌లో ఆ అమ్మాయి మూడు ఆదివారాలు సంఘం ఎదుట నిలబడిన సంగతి, చివరికి ఒక పొలంలో దున్నే కుర్రవాడి పేరు చెప్పిన సంగతి, అతడు వచ్చి ఒప్పుకున్న సంగతి వరుసగా ఉన్నాయి. 2021 నుంచి ఆ పుస్తకాల చిత్రాలను స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఉచితంగా చూడవచ్చు. పేర్ల సూచిక ఉండదు, పుట పుటా తిప్పుకుంటూ పోవాలి. ఆ పుటలు చదివి వినిపిస్తుంటే పెద్దాయన నవ్వలేదు, ఆ అమ్మాయి వయసు ఎంత అని మాత్రం అడిగారు. పందొమ్మిది.

సికింద్రాబాద్_శాండీ
మాది ఆంగ్లో ఇండియన్ కుటుంబం, మా పూర్వీకుడు స్కాట్లండ్ నుంచి వచ్చిన సిపాయి. నాకు ఎదురైన చిక్కు మీ చిక్కుకు తలకిందులు. ఇక్కడి కాగితాలన్నీ దొరికాయి, అక్కడి పారిష్ తెలియలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. వాటిలో పెళ్లి దొరికింది కాని పుట్టిన ఊరు లేదు. చివరికి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, పింఛనుతో విడుదలైన సిపాయిల పత్రాలు ఉండే డబ్ల్యూఓ 97 వరుసలో, ఆయన పుట్టిన పారిష్ పేరు పెర్త్‌షైర్‌లో దొరికింది. సర్ థామస్ మన్రో గ్లాస్గోలో 1761లో పుట్టి 1827లో మన కర్నూలు వైపు పత్తికొండలో కలరాతో పోయారని ఎవరైనా ఒక్క నిమిషంలో చెప్పగలరు. గవర్నరుకు చరిత్ర ఉంటుంది, మా సిపాయికి విడుదల కాగితం ఒక్కటే ఉంది. పారిష్ తెలిశాక బాప్తిస్మం పావుగంటలో దొరికింది.

డండీ_కోడలు
పెద్దకూతురు ఎలిజబెత్ పెళ్లి 1862లో. యునైటెడ్ ప్రెస్బిటేరియన్ సంఘ పద్ధతి ప్రకారం అని ఉంది. నేను ఇంతవరకు ఆ వాక్యాన్ని అచ్చు ఫారంలో ఉండే మాటగా అనుకుని దాటవేశాను.

గ్లాస్గో_గోంగూర
అయితే 1843 నాటి చీలికలో బయటికి వెళ్లిన కుటుంబం అయి ఉంటుంది.

పాతకాగితాలు
1843లో విడిపోయి ఏర్పడినది ఫ్రీ చర్చ్, ఇది అది కాదండి. యునైటెడ్ ప్రెస్బిటేరియన్ సంఘం 1847లో సెసెషన్, రిలీఫ్ అనే రెండు పాత చీలిక సంఘాలు కలిసినందువల్ల ఏర్పడింది. సెసెషన్ మొదలైనది 1733లో. పాదిరిని నియమించే హక్కు భూస్వామిదా, సంఘానిదా అన్న తగాదా దానికి మూలం. తరువాత ఆ విడిపోయినవాళ్లు తమలో తాము మళ్లీ బర్గర్లు, యాంటీబర్గర్లు అని చీలి, ఆ రెండూ మళ్లీ పాత వెలుగు, కొత్త వెలుగు అని చీలాయి. కిర్రిమ్యూర్‌లో ఆ పాత వెలుగు వాళ్లు ఉండేవారు, స్కాట్స్ భాషలో ఔల్డ్ లిఖ్ట్ అంటారు. నేతపనివాళ్లలో ఈ సంఘాలకు గట్టి బలం ఉండేది. కనుక జెనెట్ తల్లిదండ్రులు 1816 నాటికే సెసెషన్ మనుషులై ఉండి, పిల్లను ఇంటి దగ్గరి పారిష్ గుడికి కాక, మైళ్లు నడిచి తమ సంఘానికి తీసుకుపోయి ఉండవచ్చు. పెళ్లి మాత్రం పారిష్ రిజిస్టరులో ఎందుకు ఉందంటారేమో, ఏ సంఘం వాళ్లయినా ప్రకటన పారిష్ గుడిలోనే చేయించాలన్నది అప్పటి చట్టం.

స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వెతికేటప్పుడు మీరు పాత పారిష్ రిజిస్టర్లు అన్న విభాగం మాత్రమే ఎంచుకుని ఉంటారు. ఇతర సంఘాల విభాగం వేరుగా ఉంటుంది. అందులో పారిష్ గడిని ఖాళీగా వదిలి, పేరు, 1815 నుంచి 1818 వరకు, అంతే ఇచ్చి వెతకండి. ఇంటిపేరుకు అక్షరక్రమం ఎన్ని రకాలుగా ఉండగలదో అన్నీ ప్రయత్నించండి.

నెల్లిమర్ల_నార
వెలుగు కూడా పాతదీ కొత్తదీ అని రెండుగా చీలిందంటే, మన రాజకీయ పార్టీలను అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం.

డండీ_కోడలు
దొరికింది. రాత్రి పదకొండున్నరకు దొరికింది, పిల్లవాడు లేస్తాడని నోరు మూసుకుని ఏడ్చాను.

విడిపోయిన సంఘాల్లో ఒకదాని బాప్తిస్మ రిజిస్టరు, 1816 అక్టోబరు. బిడ్డ పేరు జెనెట్. తల్లి పేరు ఎలిజబెత్, పక్కనే ఆవిడ పుట్టింటి పేరు. ఊరు కింగోల్డ్రమ్ పారిష్‌లోని ఒక చిన్న పొలం పేరు. అంతా సరిపోయింది కాని తండ్రి పేరు మాత్రం పీటర్ అని ఉంది. మరణ పత్రంలో ఉన్నది పాట్రిక్. ఈమె ఆమేనా, కాదా? ఇంత దూరం వచ్చి వేరే జెనెట్‌ను చట్రం కట్టించడం నాకు ఇష్టం లేదు.

చలికి_వణుకు
పందెం డబ్బు ఎవరు ఇస్తారు?

పాతకాగితాలు
వణుకు గారు గెలిచారనే చెప్పాలి. స్కాట్లండ్‌లో పీటర్, పాట్రిక్ అనేవి ఒకే మనిషికి మార్చి మార్చి వాడిన పేర్లు. ఒక రిజిస్టరులో ఒకటి, మరొక రిజిస్టరులో మరొకటి మామూలే. డొనాల్డ్‌ను డేనియల్ అని రాయడం, ఎల్స్‌పెత్‌ను ఎలిజబెత్ అని రాయడం, జెనెట్‌ను జెస్సీ అని పిలవడం ఇటువంటివే. కనుక ఈ తేడా మీకు అడ్డు కాదు. అడ్డు కాగలిగినది వేరొకటి: అదే ఏడాది ప్రాంతంలో, అదే ఇంటిపేరుతో, కింగోల్డ్రమ్‌లోనే మరొక జెనెట్ పుట్టి ఉంటే? ఇతర సంఘాల సూచికలోనూ పారిష్ సూచికలోనూ మరొకరు లేరని చూసుకున్నారా?

డండీ_కోడలు
చూసుకున్నాను. ఆంగస్ మొత్తంలో ఆ ఇంటిపేరుతో 1815 నుంచి 1818 వరకు జెనెట్లు ముగ్గురు. ఒకామె పసిబిడ్డగా పోయినట్టు ఆ రిజిస్టరులోనే ఉంది. ఇంకొకామె ఆర్బ్రోత్‌లో, 1851లో కూడా అక్కడే, ఒక నావికుడి భార్యగా కనిపిస్తోంది. మిగిలింది మా ఆవిడే.

లెక్కల_మాస్టారు
ఇది రుజువు. ఇప్పుడు చట్రం కట్టించండి.

గ్లాస్గో_గోంగూర
పాదిరిగారి పేరు పెట్టిన ఇల్లు ఒక్కటి ఉన్నందుకు నేను ఆచారం మొత్తాన్ని తిట్టిపోశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

డండీ_కోడలు
ఒక్క చిన్న సందేహం మిగిలింది. అల్లుడు మరణ పత్రంలో తన అత్తగారైన జెనెట్ తండ్రిని రైతు అని రాయించాడు. మా అత్తగారి ఇంట్లో కూడా ఒకప్పుడు మాకు సొంత పొలం ఉండేదన్న కథ ఉంది. బాప్తిస్మ రిజిస్టరులో మాత్రం పీటర్ పేరు పక్కన కాటర్ అని ఉంది, దాని తరువాత ఫలానా పొలంలో అని ఉంది. కాటర్ అంటే ఎవరు?

పాతకాగితాలు
రైతు పొలం అంచున ఒక గుడిసె, కూరగాయలు వేసుకోవడానికి కాస్త నేల పెట్టుకుని, దానికి బదులుగా ఆ రైతుకు కూలి పని చేసేవాడు కాటర్. రిజిస్టర్లలో ఫలానా పొలానికి చెందిన అని రాస్తే అతడు యజమాని, ఫలానా పొలంలో అని రాస్తే అక్కడ ఉండేవాడు, కౌలుదారు కావచ్చు, అంతకంటే తక్కువ కావచ్చు. మీ పీటర్‌కు రాసినది రెండోది. అత్తింటివారికి పొలాలు కట్టబెట్టే అల్లుళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

ఆ పొలం పేరును నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వారి మ్యాపుల వెబ్‌సైటులో, ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి మైలుకు ఆరంగుళాల పటం తొలి ముద్రణలో వెతకండి, ఉచితం. గుడిసెలు కూడా ఒక్కొక్కటిగా గీసి ఉంటాయి.

డండీ_కోడలు
చూశాను. ఒక వాగు పక్కన మూడు నల్లటి చిన్న గళ్లు ఉన్నాయి, పక్కన ఆ పేరు ఉంది. పొలం పోయిందని అత్తగారు మొదట కాస్త చిన్నబుచ్చుకున్నారు. తరువాత కళ్లజోడు తుడుచుకుని, ఆ మూడు గళ్లలో పీటర్‌ది ఏదై ఉంటుందని అడిగారు. వాగుకు దగ్గరగా ఉన్నదేనని ఆవిడే తేల్చేశారు, నేను అడ్డు చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
దానికి మాత్రం రుజువు అడగను.